ఇరవై ఏడు డిగ్రీలు

సర్వర్‌ను రెండు గంటలు ఆపనివ్వమని మునిరత్నం అన్నను ఆ ఏడాదిలో పద్నాలుగు సార్లు అడిగాను. నోటితో అడిగితే "చూద్దాంలేమ్మా" అని చేయి ఊపి వెళ్ళిపోతాడు. అడిగిన ప్రతిసారీ వాట్సాప్‌లో కూడా పెడితే బొటనవేలు బొమ్మ ఒకటి పంపించి ఊరుకుంటాడు. ఆ బొటనవేళ్ళు పద్నాలుగూ ఇంకా నా ఫోన్‌లో ఉన్నాయి. తప్పు నీదే అని ఎవరైనా అంటే మొహాన చూపిద్దామని దాచుకున్నాను. ఇంతవరకు ఎవరూ అనలేదు, అదీ నా ఖర్మ.

నా పేరు రక్షిత. మాది సూళగిరి పక్క అత్తిముగం. హోసూరు మూకండపల్లిలో మునిరత్నం అన్న ఆఫీసు ఉంది, అందులో కంప్యూటర్ల పనంతా నాదే. వాళ్ళది పట్టుపురుగుల వ్యాపారం. గుడ్లు తెప్పించి, కెలవరపల్లి డ్యాం దగ్గరి షెడ్డులో పొదిగించి, పిల్లపురుగులను ఎనిమిది రోజులు పెంచి రైతులకు ఇస్తారు. అవి పసికందులు. గదిలో ఇరవై ఏడు డిగ్రీల వేడి, ఎనభై ఎనిమిది శాతం తేమ తప్పకుండా ఉండాలి. తప్పితే అప్పటికప్పుడు చావవు, అదే దాంతో వచ్చిన తంటా. రైతు ఇంటికి పోయి, వారం పది రోజులు ఆకంతా తిని, అప్పుడు చస్తాయి.

మునుపు షెడ్డులో ఒక్కో గదికి గోడ మీద ఒక పెట్టె ఉండేది. వేడి ఎక్కువైతే అదే హీటర్‌ను ఆపేది. పోయినేడు ఆ పెట్టెలు పీకించి, అయిదు గదులనూ ఆఫీసులో ఉన్న సర్వర్‌కు కలిపాము. కలిపింది నేనే. అప్పటినుంచి హీటర్లు ఎప్పుడు వెలగాలో ఎప్పుడు ఆగాలో సర్వరే చెబుతుంది. రైతు తన ఇంట్లో కూర్చుని తన పురుగులున్న గది వేడి ఎంతో ఫోన్‌లో చూసుకోవచ్చు. ఆ ఫోన్ చూపించే మా ఊళ్ళో పదకొండు మందిని ఈ కంపెనీ పురుగులు తీసుకునేటట్టు ఒప్పించాను. అందరికంటే ముందు ఒప్పుకున్నది మా నాయన అశ్వత్థప్ప. కూతురు కట్టిన యంత్రమని ఊరంతా చెప్పుకుని తిరిగాడు. వాళ్ళ పంట చెడితే నేను ఆ ఊళ్ళో ఏ మొహం పెట్టుకుని తిరగాలి?

సర్వర్‌లో చిక్కు ఒకటే. రైతుల ఫోన్లకు అంకెలు పంపించే దారి, సర్వర్ బాగుచేసే బెంగళూరు వాళ్ళు లోపలికి వచ్చే దారి, రెండూ ఒకటే. దానికి కాపలాగా ఉన్న సాఫ్ట్‌వేర్ పాతబడిపోయింది. అందులో ఫలానా చోట బొక్క ఉందని దాన్ని తయారుచేసినవాళ్ళే లోకానికి చాటి, అప్‌డేట్ చేసుకోండని చెప్పారు. చేయాలంటే సర్వర్‌ను రెండు గంటలు ఆపాలి.

"ఆపితే గదుల గతేమమ్మా?" అనేవాడు మునిరత్నం అన్న. "ఆడ లోపల ప్రాణాలుండాయి."

"రెండు విడతలకు నడుమ ఒక్క పూట ఖాళీ ఇవ్వన్నా."

"ఖాళీ యాడుంది? ఒకటి పోయే దినమే ఇంకోటి దిగుతా ఉండాది. అయినా మనకు పగోళ్ళు ఎవరుండారు? పురుగులు పెంచుకునేవాళ్ళ మీదికి యాడినుంచో వస్తాడా ఎవడైనా?"

"వాడికి పురుగులో బంగారమో తెలీదన్నా. తలుపు తెరిచి ఉండాదా లేదా, అంతే చూస్తాడు."

"సరే, ఈ విడత పోనీమ్మా."

విడతలు పోతూనే ఉన్నాయి. పళ్ళు నూరుకుంటూ నా చేతిలో ఉన్న పని నేను చేసుకున్నాను. ప్రతి శనివారం సర్వర్‌లో ఉన్నదంతా ఒక బ్యాకప్ డిస్కులోకి ఎక్కించి, కేబుల్ పీకేసి, బీరువాలో పెట్టి బీగం వేసేదాన్ని. ఆ కేబుల్ పీకడంలోనే ఉంది రక్షణ అంతా. తగిలించి ఉంచితే సర్వర్‌లోకి దూరినవాడు డిస్కులోకీ దూరుతాడు.

ఆయుధపూజకు ముందురోజు ఆఫీసంతా కడిగి తుడుస్తున్నాము. మునిరత్నం అన్న తల్లి వాసవాంబ పై అంతస్తు నుంచి దిగి వచ్చింది. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. ఈ వ్యాపారం మొదలుపెట్టింది ఆమే, పట్టుగూళ్ళ మూటలు తానే ఎత్తి బస్సులో వేసుకున్న రోజులున్నాయి. బీరువా తెరిచి ఉండడం చూసి, "ఆ నల్ల పెట్టె ఏమి పాపా?" అని అడిగింది.

"అన్నిట్లోకి అదే ముఖ్యం అవ్వా. రేపు సర్వర్ చెడిపోయినా ఇదొకటి ఉంటే మనం బతికినట్లే" అన్నాను గొప్పగా. అప్పుడే నాలుక కరుచుకుని ఉండాల్సింది.

"అంత ముఖ్యమైనదాన్ని బీరువాలో మూల పెట్టినారే?"

"అదట్లా ఉంటేనే మంచిది అవ్వా" అని నవ్వి ఊరుకున్నాను. ఎందుకో చెప్పలేదు. ముసలామెకు ఏం అర్థమవుతుందిలే అనుకున్నాను, పొగరు కాక ఇంకేమిటది?

మరునాడు పూజ. షెడ్డులో పొద్దున మేత వేసి పనివాళ్ళు ఇళ్ళకు వెళ్ళారు, మళ్ళీ మేత సాయంత్రం అయిదుకే. నేను మా ఊళ్ళో ఉన్నాను. ట్రాక్టర్‌కు పసుపు రాస్తుంటే పన్నెండూ ఇరవైకి ఫోన్ మోగింది. సర్వర్ నుంచి మెసేజ్. అడ్మినిస్ట్రేటర్ పేరు మీద ఎవరో లోపలికి వచ్చారు. ఆ పాస్‌వర్డ్ తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. నా చేతిలో పసుపు గిన్నె ఉంది.

వెంటనే గదులు చూశాను. ఇరవై ఏడు డిగ్రీలు, ఎనభై ఎనిమిది శాతం. హమ్మయ్య, పురుగులకు ఏమీ కాలేదు అనుకుని మునిరత్నం అన్నకు ఫోన్ చేశాను. కొడుకు అభిషేక్‌ను తీసుకుని కృష్ణగిరిలో బావమరిది అంగడి పూజకు వెళ్ళి ఉన్నాడు.

"అన్నా, ఎవరో దూరినారు. వైరు పీకమని ఎవరికైనా చెప్పు."

"ఈ పొద్దు ఎవరు ముట్టుకుంటారమ్మా? అమ్మ పూజ చేసి రూముకు బీగం వేసుకుని ఉండాది. గదులు సరిగ్గా ఉండాయా లేవా?"

"గదులు ఉండాయి, కానీ..."

"ఉండాయి గదా. రేపు పొద్దున చూస్తాము."

బస్సెక్కాను. గంటకు పైగా ప్రయాణం. దారి పొడుగునా ఫోన్‌లో ఆ అంకె చూస్తూనే ఉన్నాను. ఇరవై ఏడు. ఇరవై ఏడు. ఏ గది వేడీ ఒక్క చుక్క కదలకుండా గంటసేపు ఉండదు, ఒకసారి పెరుగుతుంది, ఒకసారి తగ్గుతుంది. ఆ సంగతి నాకంటే బాగా ఎవరికి తెలుసు? తెలిసీ ఆ పూట తోచలేదు. బుద్ధి గడ్డి తినింది.

ఆఫీసు ముందు కుంకుమ పూసిన గుమ్మడికాయ పగిలి ఉంది. వీధంతా ఫ్యాక్టరీల గేట్లకు అరటి పిలకలు కట్టి ఉన్నాయి, మనిషి అలికిడి లేదు. సర్వర్ రూముకు అద్దం తలుపు. లోపల సర్వర్ నెత్తిన చామంతి మాల, నుదుట బొట్టు, ముందు రెండు దీపాలు. దాని పక్కనే, పసుపు గుడ్డ మీద, నా బ్యాకప్ డిస్కు. కేబుల్ తగిలించి ఉంది. దాని నీలం లైటు ఆగకుండా టపటపా కొట్టుకుంటోంది.

ఒక్క క్షణం నాకు అర్థం కాలేదు. ఆ లైటు అట్లా కొట్టుకునేది ఎవరైనా దానిలో రాస్తున్నప్పుడే. లోపల ఎవడో కూర్చుని నా శనివారాలన్నిటినీ ఒక్కొక్కటిగా తుడిచేస్తున్నాడు, నేను అద్దం బయట నిలబడి చూస్తున్నాను. తలుపు మీద రెండు చేతులతో బాదాను.

వాసవాంబ దిగి వచ్చింది. నడుముకు బీగంచెవుల గుత్తి.

"అవ్వా, తలుపు తియ్యి! ఆ పెట్టె ఎవరు తగిలించినారు?"

"నేనే, కృష్ణగిరికి పోకముందు అభిషేక్‌ను తగిలించమంటిని. నువ్వే గదా చెప్పినావు, అన్నిట్లోకి అదే ముఖ్యమని? ముఖ్యమైన ఆయుధాన్ని పూజలో పెట్టకుండా ఉంటామా? దీపం పెడితే దానికి లైటు కూడా లేదు, పీనుగ మాదిరి ఉండె. తగిలించినాక చూడు ఎట్లా కళగా ఉండాదో."

ఆమె మొహంలో నిజంగానే ఆనందం ఉంది.

"అవ్వా, నీ కాళ్ళు పట్టుకుంటాను. ఒక్క వైరు పీకి మళ్ళీ బీగం వేసేస్తాను."

"పూజలో పెట్టినదాన్ని రేపు పొద్దున మళ్ళీ పూజ చేసి ఎత్తాల. మా ఇంటాయన ఒక్క తూరి ఈ దినం వ్యాన్ తీసినాడు పాపా. సూళగిరి దాటలేదు." అంతే, వెనక్కి తిరిగి మెట్లెక్కింది. ఆమెను తోసి గుత్తి లాక్కోవాలన్నంత కోపం వచ్చింది. లాక్కోలేదు.

బయట గోడకు మీటరు పెట్టె ఉంది. దానికి బీగం లేదు. మెయిన్ మీద చేయి పెట్టి మునిరత్నం అన్నకు మళ్ళీ ఫోన్ చేశాను.

"అన్నా, కరెంటు ఆపేస్తా ఉన్నాను."

"నీకేమైనా పిచ్చా?" అంత గట్టిగా ఆయన అరవడం నేను ఎప్పుడూ వినలేదు. "సర్వర్ ఆగితే గదులు ఆగుతాయి. పది లక్షల పురుగులు! మీ ఊరోళ్ళవి గూడా ఉండాయి దాంట్లో, తెలుసు గదా? ఏదైనా అయితే నీదే పూచీ. ఇప్పుడు ఎంత చూపిస్తా ఉంది?"

చూశాను. "ఇరవై ఏడు."

"మరి? చేయి తియ్యి."

తీశాను. సర్వర్ ఆగితే హీటర్లు వాటంతటవే ఆగిపోయేలా వైర్లు కలిపింది నేనే. ఆ మెయిన్ కిందికి లాగి ఉంటే అన్నీ బతికేవి. అప్పటికి రెండున్నర.

అయిదు దాటాక కెలవరపల్లి నుంచి పరిమళ ఫోన్ చేసింది. షెడ్డులో మేత వేసే ఆడవాళ్ళకు ఆమె పెద్ద.

"రక్షితమ్మా, తలుపు తీస్తే పొయ్యి మాదిరి వేడి కొట్టింది. గోడకు పాత థర్మామీటరు ఉంది గదా, ముప్పై ఎనిమిది చూపిస్తా ఉండాది. హీటరు ఆగనే లేదమ్మా. ఆకంతా ఎండి గలగలమంటా ఉంది."

నా ఫోన్‌లో మాత్రం ఇరవై ఏడే ఉంది. లోపలికి వచ్చినవాడు సర్వర్‌ను ఆపకుండానే దాని చేతులు కట్టేశాడు, అప్పుడు అది చివరిసారి చెప్పిన మాట ఆ అంకె. హీటరుకు చివరిసారి చెప్పిన మాట "వెలుగు". రెండూ అట్లాగే నిలబడిపోయాయి. షెడ్డు మెయిన్ ఆపించి, తలుపులు తెరిపించి, గోనెపట్టలు తడిపి కట్టించాను. దాదాపు అయిదు గంటలు ఆ పసికందులు ఆ వేడిలో ఉన్నాయి.

విజయదశమి పొద్దున వాసవాంబ కర్పూరం వెలిగించి బీగం తీసింది. తెర మీద ఇంగ్లీషులో నాలుగు వరుసలు ఉన్నాయి. మీ ఫైళ్ళన్నిటికీ తాళం వేశాము, తీయాలంటే డబ్బు కట్టాలి, ఈ అడ్రసుకు రాయండి. డిస్కులోనూ అదే. వాసవాంబ నా మొహం చూసి, "నా వల్లనా పాపా?" అని అడిగింది. కాదవ్వా అన్నాను. అవునని చెప్పే ధైర్యం లేదు, సగం తప్పు నాది కూడా.

నా లాప్‌టాప్‌లో నెల కిందటి కాపీ ఒకటి ఉంది. మంచినీళ్ళు కూడా తాగకుండా కూర్చుని, సర్వర్‌ను తుడిచి, దాన్ని ఎక్కించి, మధ్యాహ్నం మూడుకు లేపాను. నడుమ నెల అంకెలు రైతుల ఫోన్లలో మిగిలి ఉంటే అక్కడినుంచి తెచ్చి నింపాను. పాత కాపీ కాబట్టి పాత బొక్క కూడా దానితోపాటే లేచింది. "ఇప్పుడైనా ఆ రెండు గంటలు ఇవ్వన్నా" అన్నాను. రేపు పొద్దున పురుగులు పంచాలి, రైతులు ఫోన్లు చూస్తుంటారు, ఈ విడత పోనీ అన్నాడు. అది పదిహేనోసారి.

అప్పుడు ఏదో అనుమానం వచ్చి మా ఊరి గది గ్రాఫు తెరిచాను. నిన్న మధ్యాహ్నం నుంచి ఈ మధ్యాహ్నం దాకా ఖాళీ ఉండాలి. ఖాళీ లేదు. ఇరవై ఏడు, ఇరవై ఆరూ తొమ్మిది, ఇరవై ఏడూ ఒకటి. సన్నగా అలలు కొడుతూ నిజం గీత కంటే అందంగా ఉంది.

"సర్వర్ చచ్చి ఉన్నప్పుడు ఈ అంకెలు ఎవరు రాసినారు?"

పక్క కుర్చీలో ఉన్న అభిషేక్ తల వంచుకున్నాడు. "మా నాయన రాయమన్నాడు అక్కా."

ఒళ్ళు మండిపోయింది. మునిరత్నం అన్న గదిలోకి వెళ్ళాను. "దొంగ లోపలికి వచ్చి అబద్ధం చెప్పినాడంటే అర్థం ఉండాది. మనమేల చెప్పాల?"

ఆయన కోప్పడలేదు. అలిసిపోయి ఉన్నాడు. "పురుగులు కదలతా ఉండాయి, తింటా ఉండాయి. పరిమళ చూసి చెప్పింది. ఒక్క గంట ఖాళీ కనబడితే రైతు భయపడి ఎత్తకుండా పోతాడు. బాగుండే పురుగు గూడా చెత్తలో పడతాది. నీకు మాత్రం తెలుసునా, అవి చస్తాయని?"

ఖచ్చితంగా నాకూ తెలియదు. ఆ మాట పట్టుకునే ఆయన నన్ను ఆపేశాడు.

మూడో రోజు పొద్దున కెలవరపల్లిలో పంపకం. మా ఊరివాళ్ళు పదకొండు మందీ ఒకే గూడ్స్ బండిలో వచ్చారు. నాయన కొత్త తువ్వాలు వేసుకున్నాడు. షెడ్డు గడపలో అడ్డంగా నిలబడి, "ఎత్తొద్దు నాయనా. ఎవరూ ఎత్తొద్దండి. పూజ దినం గది ముప్పై ఎనిమిదికి పోయింది" అన్నాను.

అందరూ ఒక్కసారి జేబుల్లోంచి ఫోన్లు తీశారు. నాయన కళ్ళద్దాలు పెట్టుకుని, తెర దగ్గరికి తెచ్చుకుని, గీత మీద వేలు పెట్టి జరిపాడు.

"సరిగ్గానే ఉండాది గదమ్మా. పూజ దినం, మధ్యాన్నం... ఇరవై ఏడు."

"అది చేత్తో రాసింది నాయనా. నమ్మొద్దు."

"దీన్ని నమ్మమని ఆరు నెలలు మా పక్కన కూర్చుని నేర్పించినావే?"

మునిరత్నం అన్న నా భుజం తట్టాడు. "పాపకు రెండు దినాలుగా నిద్ర లేదప్పా. సర్వర్ కాడే కూర్చునుండాది పాపం."

"పరిమళక్కా, నువ్వు చెప్పు" అన్నాను. "తలుపు తీసింది నువ్వే గదా."

పరిమళ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె, ఆమె ఇద్దరు కూతుళ్ళు ఆ షెడ్డులోనే పని. "నేను పోయినప్పుడు చల్లంగానే ఉండెనమ్మా" అంది. నా వైపు చూడలేదు.

నాయన మంచివాడే కాని మూర్ఖుడు కాదు. కాసేపు నన్ను చూశాడు, ఫోన్ చూశాడు, పురుగుల ట్రేలు చూశాడు. "తోటలో ఆకు కోతకు వచ్చేసిందమ్మా. ఇంకో వారం ఉంటే ముదిరి గొడ్లకు వెయ్యాల్సిందే. ఇప్పుడు వేరే యాడ దొరుకుతాయి పురుగులు? రా, ఇట్లా పట్టు" అని ట్రేకు ఒక కొస పట్టుకుని నా కోసం ఆగాడు. వెనక పదిమంది నిలబడి ఉన్నారు. మునిరత్నం అన్న చూస్తున్నాడు. ఏమో, బతుకుతాయేమో అనుకున్నాను. రెండో కొస పట్టుకుని బండి దాకా నడిచాను.

పురుగులు తెచ్చిన తొమ్మిదో రోజు పొద్దున నాయన నన్ను మా ఇంటి షెడ్డులోకి పిలిచాడు. అంతకు గంట ముందే మేత వేశాడు. మేత వేసిన షెడ్డులో పురుగులు ఆకు కొరికే చప్పుడు చిన్న జల్లు పడినట్లు వినిపిస్తుంది, పుట్టినప్పటినుంచీ వింటున్నాను. ఆ పొద్దు ఏమీ వినిపించలేదు. ఆకు వేసింది వేసినట్లే ఉంది. కింద పురుగులు ఉబ్బి, తోలు మెరుస్తూ, కొన్ని పగిలి పాలలాంటి నీళ్ళు కారుతున్నాయి. ఊళ్ళో మిగతా పది షెడ్లలోనూ అదే సంగతని అప్పటికే కబురు వచ్చింది. ఆ పదిమందిలో ఒకడైన కేశవప్ప మా వాకిట్లోకి వచ్చి కాసేపు కూర్చుని వెళ్ళిపోయాడని నాయన చెప్పాడు.

ఒక పురుగును తీసి అరచేతిలో వేసుకున్నాడు. అది కదలలేదు.

"ఆ పొద్దు నువ్వు చెప్పింది నిజమేనా అమ్మా?"

"నిజమే నాయనా."

"నేనంటే చదువు లేనోణ్ణి, ఫోన్ చూసి ఎత్తినాను. అంత నిజం తెలిసినదానివి, ట్రేకు రెండో కొస నువ్వేల పట్టినావు?"